రాక్షసగుళ్లు – యక్షిణుల కోటలు

ఐర్లాండు పల్లెలలో గుండ్రని మట్టికట్టలు వేలకొలదిగా గనబడును. జనులు వానిని యక్షిణుల కోటలందురు. కట్టను దున్నినవానికిని, దానిపై మొలచిన ముండ్లచెట్టును నఱికినవానికిని కీడు మూడునని వారి నమ్మకము. పురావస్తు పరిశోధకులు త్రవ్విచూడగా, అవి చాలవఱకు క్రీ. శ. 600–900 ప్రాంతమున సేద్యగాండ్రు కట్టుకొనిన యిండ్ల ప్రహరులని తేలినది.

ఇట్టి కథలు మనకును గలవు. సూర్యాపేట, ఆత్మకూరు ప్రాంతములు చేరియుండిన పూర్వపు నల్లగొండ జిల్లాలో, రాళ్లు వలయముగా బేర్చి నడుమ బండలతో బెట్టెవలె గట్టిన సమాధులు బయల్పడినవి. భువనగిరి చెంతనున్న రాయగిరియు, నాగార్జునసాగర జలములలో మునిగిన యేలేశ్వరమును నిందుకు తార్కాణములు. వీనిని జనులు రాక్షసగుళ్లనియు, కొన్నియెడల పాండవులగుళ్లనియు బిలుతురు. అంత బండలను మనుష్యు లెత్తజాలరని వారి యూహ. కన్నడసీమలోని హిరేబెణకల్లున నిట్టి కట్టడములనే మోర్యులను మరుగుజ్జుల యిండ్లందురు. బండను జూచినవారు రాక్షసుని, గదిని జూచినవారు మరుగుజ్జును గల్పించిరి. తమ పూర్వులవంటి మనుష్యులను మాత్రము తలపరైరి.

నైజాము కొలువున సురపురమును బాలించిన మెడోస్ టేలరు దక్కను సమాధులను ద్రవ్వించి, 1860లో స్వదేశమునకు మరలిన పిదప డబ్లిను చెంత నివసించుచు, వాని వృత్తాంతమును రాయల్ ఐరిష్ అకాడమీవారికి సమర్పించెను. ఐరోపా రాతిగోరీలతో వీనికి జాతిసంబంధము గలదని యాతడు తలచెను. ఆ మాట నేడు నిలువదు. 1914లో హైదరాబాదు పురావస్తుశాఖ యేర్పడినది. ఇట్టి సమాధులలో దొరకినవి ఇనుప పనిముట్లు, నలుపు నెఱుపు గలసిన మట్టిపాత్రలు, అస్థులు. ఇవి ఇంచుమించు క్రీ. పూ. 1000 మొదలుకొని వెలసిన ఇనుపయుగపు జనుల జాడలు. రాక్షసులు గారు, కొలిమి నెఱిగిన మనవంటివారే.

భయము మూఢమే యైనను, కొంతకాల మది కంచెగా నిలిచినది. ఐర్లాండునందు యక్షిణుల భీతి తగ్గి యంత్రపు నాగళ్లు వచ్చినపిమ్మట కట్టలెన్నియో చదునైపోయినవి. మనయొద్ద భయము బోయినను నిక్షేపముల యాశ పోలేదు. రాత్రివేళ గునపము లాడుచున్నవి. కుండపెంకు లమ్మిన ధనము రాదు, చెదరిన చరిత్ర మరల గూడదు. 1958 నాటి కేంద్రశాసనమును, 2017 నాటి తెలంగాణ వారసత్వశాసనమును గలవు. కాని యూరిబయటి ప్రతి రాతికిని కాపలా యుండునా?

కావున భయమును దీసివేయుటతో సంస్కారము ముగియదు. తీసిన చోట జ్ఞానమును నిలుపవలెను. పిల్లలకు రాక్షసుని కథను జెప్పుడు. వెంటనే, ఆ బండ నెత్తినవారు మనుష్యులే యనియు, తమ మృతుని మఱవకుండుటకై యెత్తిరనియు జెప్పుడు. అట్లు విన్న బిడ్డ గునపము పట్టడు.