వెలలేని పనికి వీరతాళ్ళు

బ్రిటన్‌లో ఏ చిన్న పట్టణానికి వెళ్ళినా ప్రధాన వీధిలో ఒక రకం దుకాణం తప్పక కనిపిస్తుంది. అద్దాల వెనుక ఎవరో వాడి విడిచిన కోటు, పింగాణీ కప్పులు, అట్ట నలిగిన నవలలు, పిల్లల ఆటబొమ్మలు ఉంటాయి. వాటిని అమ్మగా వచ్చిన లాభం ఏదో ఒక ధర్మసంస్థకు చేరుతుంది. వీటినే అక్కడివారు చారిటీ షాపులంటారు. పాతబట్టలు తీసుకుని స్టీలు సామాన్లు ఇచ్చే వీధి బేరాలను ఎరిగిన మనకు పాతవస్తువుకు కూడా వెల ఉంటుందన్న సంగతి కొత్త కాదు. కొత్తగా తోచేది కౌంటరు వెనుక నిలబడిన మనిషి. ఆ దుకాణంలో ప్రతి వస్తువుకూ ధర చీటీ ఉంటుంది, ఆ చీటీని అంటించిన చేతికి మాత్రం చాలా సందర్భాలలో జీతం ఉండదు.

ఆ దేశంలో ఇటువంటి దుకాణాలు పదివేలకు పైగా ఉన్నాయి. వాటిలో జీతం లేకుండా పనిచేసేవారు లక్షన్నరకు మించి ఉన్నారు. వీరిలో కొందరికి ప్రతి యేటా పతకాలు, ప్రశంసాపత్రాలు, బహుమతులు అందుతుంటాయి. మాయాబజారు చూసిన తెలుగువాడికి వీరతాడు అనగానే ఒక చిరునవ్వు వస్తుంది కాని, ఈ వీరతాళ్ళ చరిత్రను కాస్త తవ్వి చూస్తే నవ్వు వెనుక ఒక గంభీరమైన ప్రశ్న ఎదురవుతుంది. డబ్బు తీసుకోని మనిషికి సమాజం ఏమిచ్చి ఋణం తీర్చుకుంటుంది? ఇచ్చే ముందు ఆ మనిషి చేసిన పనిలో దేనిని చూస్తుంది, దేనిని చూడదు? నాకు తెలిసినంతలో ఈ వ్యాసంలో ఆ సంగతి చెప్పుకొస్తాను.

ముందుగా దుకాణాల పుట్టుక. సాల్వేషన్ ఆర్మీ స్థాపకుడు విలియం బూత్ 1890లో వెలువరించిన గ్రంథంలో, ఇంటింటా పనికిరాదని పారవేసే వస్తువులను సేకరించి బాగుచేసి బీదలకు ఉపయోగపడేలా చేయాలన్న ప్రణాళిక ఉన్నది. 1899లో వుల్వర్‌హ్యాంప్టన్ పట్టణంలో అంధుల సంఘం వారు అంధులు తయారుచేసిన వస్తువులను అమ్మడానికి ఒక దుకాణం నడిపారు. 1937లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న సేవాసంఘం ఒక పాతవస్తువుల దుకాణం తెరిచింది. వీటిలో దేనిని మొదటిదనాలన్న వివాదం చరిత్రకారులకే వదిలేద్దాం. ఈనాటి చారిటీ షాపుకు రూపురేఖలు దిద్దినది మాత్రం రెండవ ప్రపంచయుద్ధమే.

1941లో బ్రిటిష్ రెడ్‌క్రాస్ లండన్ నగరంలోని ఓల్డ్ బాండ్ స్ట్రీట్, 17వ నంబరు భవనంలో ఒక దుకాణం తెరిచింది. యుద్ధం ముగిసేలోగా అటువంటి స్థిరమైన దుకాణాలు రెండువందలకు పైగా వెలిశాయి, తాత్కాలికమైనవి మరికొన్ని. వీటికి అనుమతి ఇస్తూ ప్రభుత్వ వాణిజ్య శాఖ ఒక షరతు పెట్టింది. అమ్మే ప్రతి వస్తువూ దానంగా వచ్చినదే కావాలి, కొని తెచ్చి అమ్మడం నిషిద్ధం. యుద్ధకాలంలో సరుకుల కొరతను దృష్టిలో పెట్టుకుని చేసిన నిబంధన ఇది. తరువాతి కాలంలో చారిటీ షాపులలో కొత్త సరుకు కూడా కొంత చేరింది గాని, దానమే మూలధనమన్న సూత్రం నేటికీ వాటికి పునాదిగా నిలిచి ఉంది. వస్తువు దానం, దానిని అమ్మిపెట్టే శ్రమా దానమే.

అదే యుద్ధకాలంలో శ్రమదానాన్ని ఒక వ్యవస్థగా నడిపిన స్త్రీ ఒకరున్నారు. ఆమె పేరు స్టెల్లా ఐజాక్స్, లేడీ రీడింగ్ అని ప్రసిద్ధి. ఆమెకు మన దేశంతో సంబంధం ఉంది. 1925లో వైస్రాయి భార్యకు కార్యదర్శిగా ఢిల్లీ వచ్చారు. ఆ వైస్రాయి లార్డ్ రీడింగ్‌కు భార్యావియోగం కలిగిన పిమ్మట, 1931లో ఆయనను వివాహమాడారు. 1938లో ప్రభుత్వం కోరిక మీద ఆమె స్థాపించినదే మహిళా స్వచ్ఛంద సేవాదళం. యుద్ధకాలంలో 1941 జూన్ 1 నుండి బట్టలకు కూడా రేషను వచ్చింది. పిల్లలు ఎదుగుతుంటారు, కూపన్లు ఎదగవు. ఈ దళంలోని స్త్రీలు పొట్టివైపోయిన పిల్లల బట్టలను తీసుకుని సరిపోయేవి ఇచ్చే మార్పిడి కేంద్రాలు నడిపారు. పాతబట్టలను ఏరి, కొలతల వారీగా సర్ది, చినిగినవాటిని కుట్టించి ఇవ్వడంలో వారు గడించిన అనుభవమే, నేటి చారిటీ షాపు వెనుకగదిలో జరిగే పనికి పూర్వరూపమని నాకు తోస్తుంది.

ఆ దళానికి 1961లో ప్రత్యేకంగా ఒక పతకం ఏర్పడింది. ఏదో ఒకనాడు చేసిన సాహసానికి కాదు, పదిహేనేళ్ళపాటు క్రమం తప్పకుండా వచ్చి పనిచేసినందుకు ఇచ్చే పతకమది. ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటుంది. ఈ పతకానికి కొలమానం కాలం, డబ్బు ఎంత పోగుచేశారని అది అడగదు. ఎన్నేళ్ళు వచ్చావని మాత్రమే అడుగుతుంది.

ఇక ఆక్స్‌ఫామ్ కథ. నాజీల ఆక్రమణలో, మిత్రరాజ్యాల నౌకా దిగ్బంధంలో చిక్కి గ్రీసు దేశ ప్రజలు ఆకలితో చనిపోతుంటే, వారికి ఆహారం చేర్చాలని 1942లో ఆక్స్‌ఫర్డ్ నగరంలో కొందరు కలిసి ఒక సంఘంగా ఏర్పడ్డారు. యుద్ధానంతరం గ్రీసు కోసం ఇచ్చిన పిలుపుకు ప్రజలు కుప్పలుగా బట్టలు, వస్తువులు తెచ్చి ఇచ్చారు. సంఘంలో ముఖ్యుడు, స్వయంగా వ్యాపారి అయిన సెసిల్ జాక్సన్-కోల్ పూనికతో 1947 డిసెంబరులో బ్రాడ్ స్ట్రీట్, 17వ నంబరులో దుకాణం తెరుచుకుంది. (రెడ్‌క్రాస్ దుకాణానిదీ పదిహేడవ నంబరే కావడం కాకతాళీయం.) 1949లో జో మిట్టీ అనే మాజీ సైనికుడు ఆ సంస్థకు తొలి జీతగాడుగా చేరాడు. ఇచ్చిన వస్తువు ఏదైనా సరే అమ్మి చూపించగల నేర్పరి అని పేరు పొందాడు. రాజమర్యాదగా ఎం.బి.ఇ. బిరుదు అందుకున్నాడు, 2007లో కన్నుమూశాడు. ఆ బిరుదుకు ఆయన అన్ని విధాలా అర్హుడు. కాని ఆయన పక్కన నిలబడి బట్టలు మడతపెట్టిన జీతం లేని స్త్రీల పేర్లు చరిత్ర పుస్తకాలలో వెదకండి, దొరకడం కష్టం. 1951లో బీహారు కరువుకు సాయం పంపిన సంస్థలలో ఆక్స్‌ఫామ్ ఒకటి. ఆ సాయం వెనుక పేరు తెలియని ఎందరి శ్రమ ఉన్నదో మనకు తెలియదు.

దాతృత్వానికి రాజ్యం బిరుదు ఇవ్వడమన్నది మన గోదావరి ప్రాంతానికి కూడా తెలిసిన విషయమే. లంకల గన్నవరంలో వేళకాని వేళ తలుపు తట్టినవారికి కూడా అన్నం వండి పెట్టిన డొక్కా సీతమ్మ గారికి, ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేక సందర్భంగా 1903లో బ్రిటిష్ ప్రభుత్వం ప్రశంసాపత్రం ఇచ్చింది. ఉత్సవానికి పిలుపు వచ్చినా ఆమె వెళ్ళలేదనీ, ఫోటో తీయించుకోవడానికి కూడా ఇష్టపడలేదనీ మన పెద్దలు చెప్పుకునేవారు. పిలుపు వచ్చిన రోజున కూడా పొయ్యి మీద అన్నం ఉడుకుతూనే ఉండి ఉంటుంది కదా! రాజ్యం మెచ్చినా మెచ్చకపోయినా ఆమె పని ఆగేది కాదు. ఇది ఒక ఆదర్శం. కాని అందరూ సీతమ్మ గార్లు కాలేరు. పదేళ్ళు పనిచేసిన మనిషిని ఒక్కరూ పలకరించి మెచ్చుకోకపోతే మనసు చివుక్కుమనడం సహజమే, అందులో తప్పు లేదు.

బ్రిటిష్ రాజ్యం ఈ విషయాన్ని మెల్లగా గ్రహించింది. 1917లో ఐదవ జార్జి నెలకొల్పిన బ్రిటిష్ ఎంపైర్ ఆర్డరు, యుద్ధకాలంలో వెనుక ఉండి పనిచేసిన పౌరులకు, స్త్రీలకు కూడా రాజమర్యాదల తలుపు తెరిచింది. దాని అనుబంధమైన బ్రిటిష్ ఎంపైర్ మెడల్‌ను, వర్గభేదాలకు చిహ్నమని భావించి, 1993లో జాన్ మేజర్ ప్రభుత్వం నిలిపివేసింది. స్థానికంగా సేవచేసే సామాన్యులకు ఇవ్వడానికి తగినదిగా భావించి 2012లో మళ్ళీ మొదలుపెట్టారు. చారిటీ షాపులలో దశాబ్దాలు గడిపిన వృద్ధులు ఆ జాబితాలలో కనిపించడం అరుదేమీ కాదు. 1984 నుండి జూన్ మొదటి వారం స్వచ్ఛంద సేవకుల వారోత్సవంగా జరుగుతున్నది. 2002లో ఎలిజబెత్ రాణి పాలనకు యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా స్వచ్ఛంద సేవకు రాణి పేరిట ఒక పురస్కారం నెలకొల్పారు. ఆమె తదనంతరం అది రాజు పేరిట సాగుతున్నది. అది వ్యక్తులకు కాక బృందాలకు ఇచ్చేది. ఒక్కరినే వేదిక ఎక్కించకుండా అందరినీ కలిపి మెచ్చుకునే ఈ పద్ధతి నాకు నచ్చింది.

మరో ధార వ్యాపార రంగం నుండి వచ్చింది. 1980లు, 90లలో ఈ దుకాణాల సంఖ్య బాగా పెరిగింది. 1988 నాటి చట్టం ధర్మసంస్థల భవనాల మీద స్థానిక పన్నులో 80 శాతం రాయితీని తప్పనిసరి చేసింది. స్వచ్ఛంద సేవకుల సంఘాలే నడుపుకునే చోట జీతం తీసుకునే మేనేజర్లు వచ్చారు, కొత్త అలమరలు వచ్చాయి, నెలవారీ లక్ష్యాలు వచ్చాయి. 1999లో ఈ దుకాణాలన్నిటికీ కలిపి ఒక సంఘం ఏర్పడింది, ఇప్పుడు దాని పేరు చారిటీ రిటైల్ అసోసియేషన్. ఆ సంఘం ఏటేటా ఇచ్చే పురస్కారాలలో దుకాణానికి, మేనేజరుకు, స్వచ్ఛంద సేవకులకు, వ్యాపార విజయాలకు వేరువేరు విభాగాలుంటాయి.

ఇది మంచి పరిణామమే. చారిటీ షాపు నడపడం కాలక్షేపం కాదు, అదీ ఒక వృత్తివిద్యే అని లోకానికి తెలిసింది. అయితే వ్యాపార బహుమతికి వ్యాపార కొలమానమే ఉంటుంది. గల్లాపెట్టెలో ఎంత పడింది, నిరుటి కంటే ఎంత పెరిగింది అన్నది లెక్కకు దొరుకుతుంది. గిఫ్ట్ ఎయిడ్ అనే పన్ను పథకం ఉంది. దాత ఆదాయపు పన్ను కట్టేవారైతే, వారి వస్తువు అమ్మిన ప్రతి పౌండుకూ ప్రభుత్వం మరో 25 పెన్నీలు సంస్థకు ఇస్తుంది. ఎంతమంది దాతల చేత ఆ పత్రం నింపించారన్నదీ లెక్కకు దొరుకుతుంది. లెక్కకు దొరకనిది వెనుకగదిలో జరుగుతుంది. సంచులు విప్పి, మురికివాటిని వేరుచేసి, జేబులు తడిమి, ఆవిరి యంత్రంతో ముడతలు తీసి, గుండీలు సరిచూసి, కొక్కేలకు తగిలించే మనిషి కొనుగోలుదారుకు కనిపించదు. తండ్రి పోయిన వారానికి ఆయన చొక్కాలు సంచిలో పెట్టి తెచ్చిన కూతురితో రెండు మాటలు మాట్లాడిన సంగతి ఏ పట్టికలో రాయాలి? రోజూ వచ్చి ఏమీ కొనకుండా కబుర్లు చెప్పి పోయే ఒంటరి ముసలాయన కూర్చోవడానికి కుర్చీ జరిపిన సంగతి?

పతకం విలువ ఇంత పెరగడానికి మరొక కారణం చట్టంలో ఉంది. 1998 నాటి కనీస వేతన చట్టంలోని 44వ సెక్షను, ధర్మసంస్థలలో స్వచ్ఛందంగా పనిచేసేవారిని కనీస వేతనం నుండి మినహాయించింది. షరతు ఏమంటే, దారి ఖర్చుల వంటి వాస్తవమైన ఖర్చులు తప్ప వారికి డబ్బు ముట్టకూడదు. అంటే, నగదు రూపంలో కృతజ్ఞత చెప్పుకునే దారిని చట్టమే ఇరుకు చేసింది. ఇక మిగిలింది మాట, చప్పట్లు, ఒక కాగితం. ఆ కాగితం అలంకారం కాదు, ఇవ్వగలిగిన ఒకే ఒక్క ప్రతిఫలం.

ఇక్కడే ప్రమాదం కూడా ఉన్నది. వాలంటీరు అన్న మాటను ఆంధ్రప్రదేశ్ చదువరులు 2019 తరువాత మరో అర్థంలో విన్నారు. నెలకు ఐదువేల రూపాయల గౌరవ వేతనం మీద పనిచేసిన గ్రామ, వార్డు వాలంటీర్లు 2021 ఫిబ్రవరిలో వేతనం పెంచమని కోరినప్పుడు, ఇది ఉద్యోగం కాదు, సేవ అని ప్రభుత్వం నుండి సమాధానం వచ్చింది. వెంటనే ఆ యేడు సేవామిత్ర, సేవారత్న, సేవావజ్ర పురస్కారాలు వచ్చాయి. రాజకీయం నా ఉద్దేశం కాదు. జీతం అడిగినచోట పతకం ఇవ్వడం వేరు, జీతం వద్దన్నచోట పతకం ఇవ్వడం వేరు అని చెప్పడానికే ఈ ఉదాహరణ. బ్రిటన్‌లో కూడా 2012 ప్రాంతంలో నిరుద్యోగ భృతి పొందేవారిని పని అనుభవం పేరిట చారిటీ షాపులకు పంపినప్పుడు పెద్ద వివాదమే చెలరేగింది, కొన్ని సంస్థలు ఆ పథకాల నుండి తప్పుకున్నాయి. బలవంతం చేరిన క్షణాన ‘స్వచ్ఛందం’ అన్న మాట ఖాళీ అవుతుందని వారు గ్రహించారు.

2020 మార్చిలో మహమ్మారి వలన ఆ దుకాణాలన్నీ మూతబడ్డాయి. ఇంగ్లండులో జూన్ 15 నుండి మళ్ళీ తెరుచుకున్నాయి గాని, వృద్ధులైన సేవకులు చాలామంది తిరిగి రాలేదు. నాటి నుండి మనుషుల కొరత ఈ రంగాన్ని బాధిస్తూనే ఉన్నది. ఇటువంటి సమయంలో బహుమతులను ఇంకా ఎక్కువ పని రాబట్టే సాధనంగా వాడుకోవాలన్న ఆశ నిర్వాహకులకు కలగడం సహజం. ఆ దారిన పోతే, లక్ష్యాలు మోస్తూ జీతం లేని ఉద్యోగి మిగులుతాడు, స్వచ్ఛంద సేవకుడు మిగలడు.

ఈ చరిత్రనంతా చదివాక నాకు లేడీ రీడింగ్ దళపు పతకమే అన్నిటికంటే న్యాయమైనదిగా తోచింది. ఎంత అమ్మారని అడగకుండా ఎన్నేళ్ళు వచ్చారని అడిగినందుకు. మీలో ఎవరైనా ఇక్కడో, అక్కడో, ఏ ఊరి గ్రంథాలయంలోనో, ఏ ఆసుపత్రి వరండాలోనో జీతం లేకుండా పనిచేసేవారితో కలిసి నడిచేవారైతే ఒక చిన్న మనవి. వారికి బహుమతి ఇచ్చే ఆలోచన వచ్చినప్పుడు లెక్కల పుస్తకం పక్కన పెట్టి ముందుగా హాజరు పట్టీ తెరవండి. అందులో తరచుగా కనిపించే పేరు ఎవరిదో చూసి, వారిని వారి పేరుతో పిలిచి, వారు చేసే పని ఫలానా అని నలుగురిలో చెప్పండి. వీరతాడు ఆ తరువాత వేయవచ్చు.