పండుగ మంటలు: నిషేధమా? నియమమా?

పండుగనాడు మంట వేయడం మానవుని ప్రాచీనమైన అలవాట్లలో ఒకటి. ఆంధ్రదేశంలో సంక్రాంతికి ముందురోజు భోగిమంటలు, ఫాల్గుణంలో కాముని దహనం, దీపావళికి బాణసంచా, ముహర్రంలో పీర్ల గుండం, షబేబరాత్‌నాడు మతాబులు కనిపిస్తాయి. ఏదో ఒక రూపంలో నిప్పుతో సంబంధం లేని సముదాయం అరుదు. వీటిని ఇంకా అనుమతించాలా, లేక చట్టం ద్వారా పూర్తిగా మాన్పించాలా అన్న ప్రశ్న నేడు న్యాయస్థానాల వరకు వెళ్ళింది. పొగ, శబ్దం, అగ్నిప్రమాదాలు, ధననష్టం అనేవి నిషేధం కోరేవారి వాదాలు. ఆచారం, ఆనందం, పేదల జీవనోపాధి అనేవి అనుమతి కోరేవారి వాదాలు.

ఈ వివాదంలో తీర్పు చెప్పడానికి ముందు, నిప్పును చట్టంతో నిషేధించి చూసిన ఒక ప్రాంతపు చరిత్రను పరిశీలించడం మేలు. అటువంటి ప్రాంతం ఆంధ్రదేశంలోనే ఉన్నది. అది అరకు, పాడేరు, చింతపల్లి, గూడెం, రంప కొండలతో కూడిన తూర్పు కనుమల మన్యం. ముస్లిం సమాజం తన వైఖరిని నిర్ణయించుకోవడానికి ఈ కొండల అనుభవమూ, ఇస్లామీయ ధర్మశాస్త్రవేత్తల చర్చలూ, స్వయంగా ముస్లింల చరిత్రా కలసి ఎంతో వెలుగునిస్తాయి.

కొండలలో నిప్పు

మన్యంలోని కొండదొరలు, బగతలు, కోదులు, గదబలు, పోర్జాలు, కొండరెడ్లు మొదలైన తెగలకు తరతరాలుగా నిప్పు ఒక వ్యవసాయ పనిముట్టు. చలికాలం చివర కొండవాలులోని చెట్లను, పొదలను నరికి ఎండబెట్టేవారు. వేసవిలో, తొలకరికి ముందు, వాటిని కాల్చేవారు. ఆ బూడిదే ఎరువు. వానలు పడగానే అందులో చోడి, సామ, కొర్ర, కంది, వలిసెలు వంటి పంటలు వేసేవారు. రెండు మూడేళ్ళకు భూసారం తగ్గగానే ఆ చోటు వదలి మరొక చోటికి పోయేవారు. వదలిన నేల మళ్ళీ అడవిగా మారేది. దీనినే పోడు అంటారు. జనం తక్కువగా, అడవి ఎక్కువగా ఉన్నంతకాలం ఈ పద్ధతి సాగింది. జనాభా పెరిగి, అడవి తగ్గి, వదలిన నేలకు కోలుకునే వ్యవధి చాలనప్పుడు పోడు వల్ల నష్టం పెరిగింది.

నిప్పు అక్కడి పండుగలలోనూ ఉన్నది. చైత్రమాసంలో విశాఖ మన్యపు గిరిజనులు ఇటుకల పండుగ జరుపుతారు. విత్తనాలకు పూజ చేయడం, పురుషులు గుంపులుగా వేటకు వెళ్ళడం, రాత్రివేళ థింసా నృత్యాలు చేయడం అందులోని ముఖ్య భాగాలు. చైత్రమంటే కొండలపై ఆకులన్నీ రాలి ఎండిపోయిన కాలం. అప్పుడు పడిన ఒక్క నిప్పురవ్వ కొండంతా పాకగలదు. ఇందుకు భిన్నంగా పుష్యమాసపు మంట చలికి విరుగుడు. డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగి, చింతపల్లి, అరకు ప్రాంతాల్లో రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీలకు దిగువకు పోవడం సాధారణం. అక్కడ ఇంటిముందు నెగడు వేసుకోవడం వినోదం కాదు, అవసరం. అదే గిరిజనుడు వేసే ఈ రెండు మంటలకు ఒకే తీర్పు చెప్పడం ఎంతవరకు న్యాయం?

ఆంగ్ల ప్రభుత్వం ఈ తేడాలను పట్టించుకోలేదు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చిన తరువాత కొండలు క్రమంగా రిజర్వు అడవులుగా ప్రకటింపబడ్డాయి. వాటిలో నిప్పు పెట్టడం, పోడు కొట్టడం శిక్షార్హమైన నేరాలైనాయి. తాతల నాటి జీవనాధారం ఒక్కసారిగా అపరాధమైంది. ఆ చట్టాన్ని అమలు జరిపే చిన్న ఉద్యోగుల దౌర్జన్యం దానికి తోడయింది. 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన గూడెం, రంప కొండలు తిరగబడ్డాయి. పోడుపైన, అటవీ ఉత్పత్తులపైన ఆంక్షలు, రోడ్డు పనులలో తగిన కూలి ఇవ్వకపోవడం ఆ పితూరీకి ముఖ్య కారణాలు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడితో మొదలైన ఆ పోరాటం 1924 మే నెలలో సీతారామరాజు మరణం తరువాత క్షీణించింది. పితూరీ అణగింది కాని పోడు ఆగలేదు. రెండు దశాబ్దాల తరువాత కొండరెడ్లను గురించి పరిశోధించిన హైమెన్‌డార్ఫ్ కూడ వారి జీవనానికి పోడే ఆధారంగా ఉన్నట్లు 1945లో వెలువడిన తన గ్రంథంలో వర్ణించాడు. నిప్పు వేసేవాని అవసరాన్ని తెలుసుకోకుండా చేసిన నిషేధం అడవినీ పూర్తిగా కాపాడలేకపోయింది, ప్రజలనూ దూరం చేసుకొన్నది.

ధర్మశాస్త్రవేత్తల విచారణ

ఇస్లామీయ ధర్మశాస్త్రంలో నిప్పును గురించి రెండు వైపుల నుంచీ మార్గదర్శకత్వం లభిస్తుంది. నీరు, పచ్చిక, నిప్పు ఈ మూడింటిలో జనులు భాగస్వాములన్న దైవప్రవక్త (స) బోధ హదీసు సంకలనాల్లో నమోదయింది. బయలులో ఒకడు మంట వేసుకొంటే ఇతరులు దాని వద్ద చలి కాచుకోవడాన్నీ, దానితో దీపం వెలిగించుకోవడాన్నీ అతడు అడ్డగించరాదని, అయితే అతని కట్టెలు, నిప్పుకణికలు అతని సొత్తేనని హనఫీ విద్వాంసులు దీనిని వివరించారు. ఈ దృష్టితో చూస్తే కొండవాసి పచ్చికనూ, నిప్పునూ అతనికి పూర్తిగా నిషేధించడం ఎంత పెద్ద విషయమో అర్థమవుతుంది.

రెండవ వైపు హెచ్చరిక ఉన్నది. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు ఇంటివారితో సహా తగలబడింది. ఆ వార్త తెలిసినప్పుడు ప్రవక్త (స) నిప్పును మానవుల శత్రువుగా పేర్కొని, నిద్రపోయే ముందు దానిని ఆర్పివేయాలని ఆదేశించారు. బుఖారీ, ముస్లిం సంకలనాలు రెండింటిలోనూ ఈ హదీసు ఉన్నది. నిప్పు అందరి ఉమ్మడి సౌకర్యం. ఏమరుపాటుగా వదిలితే అదే శత్రువు. ఈ రెండు బోధలూ ఒకదానినొకటి ఖండించుకోవు.

ఈ రెండింటి నడుమ గీత ఎక్కడ గీయాలన్నదానికి ‘హిదాయా’లో ఒక చక్కని ఉదాహరణ కలదు. హనఫీ న్యాయానికి ప్రామాణికమైన ఈ గ్రంథాన్ని రచించిన బుర్హానుద్దీన్ మర్గీనానీ క్రీ.శ. 1197లో మరణించాడు. కౌలుకు తీసుకొన్న పొలంలో ఒక రైతు కొయ్యకాళ్ళు కాల్చాడు. మంట పాకి పక్క పొలంలో కొంత కాలింది. అతడు నష్టపరిహారం ఇవ్వాలా? అక్కరలేదని అందులో తీర్పు. అయితే నిప్పు పెట్టినప్పుడు గాలి నెమ్మదిగా ఉండి, తరువాత మారినప్పుడే ఈ మినహాయింపు వర్తిస్తుందని, గాలి అప్పటికే జోరుగా వీస్తూ ఉంటే అతడు బాధ్యుడేనని మరొక అభిప్రాయం కూడ అక్కడే పేర్కొనబడింది. మంట తన పొలం దాటిపోతుందని అతనికి ముందే తెలుసు గదా!

ఎనిమిది వందల ఏళ్ళనాటి ఈ చర్చ మన్యపు పోడుకూ, నేటి పండుగ మంటలకూ సూటిగా వర్తిస్తుంది. నిప్పు వేయడమే నేరమని గాని, నిప్పు వేసినవాడు ఏనాడూ బాధ్యుడు కాడని గాని ఆ విద్వాంసులు అనలేదు. గాలి ఎలా ఉన్నది, పక్కవానికి నష్టం కలుగుతుందని తెలిసీ వేశాడా అని విచారించారు. ఇతరులకు హాని కలిగించరాదన్న సాధారణ సూత్రం దీనికి పునాది. దీనికి తోడు దుబారా సమస్య ఉన్నది. బనీ ఇస్రాయీల్ అధ్యాయంలో దివ్యఖుర్ఆన్ ధనాన్ని వృథా చేసేవారిని తీవ్రంగా మందలించింది. చలికాచే నెగడుకు ఈ మందలింపు వర్తించదు. క్షణంలో బూడిదయ్యే బాణసంచాకు మాత్రం వర్తించకుండా ఎలా ఉంటుంది?

ముస్లింల సొంత చరిత్ర

బాణసంచా ఇతరుల ఆచారమేనని భావించే ముస్లింలు చరిత్ర పుటలు తిరగవేయాలి. 1443లో విజయనగరాన్ని దర్శించిన హిరాతు రాయబారి అబ్దుర్రజాక్ మహానవమి ఉత్సవంలో బాణసంచా విన్యాసాలు చూచి అచ్చెరువొందాడు. అంతకు ముందే, 14వ శతాబ్దంలో, ఫీరోజ్‌షా తుగ్లక్ ఢిల్లీలో షబేబరాత్ రాత్రులు బాణసంచాతో వెలిగేవని షమ్స్ సిరాజ్ అఫీఫ్ చరిత్ర తెలుపుతున్నది. ప్రార్థనలతో గడపవలసిన రాత్రిని ఈ విధంగా గడపడాన్ని విద్వాంసులు సహించలేదు. 1642లో మరణించిన షేఖ్ అబ్దుల్ హక్ ముహద్దిస్ దెహ్లవీ షబేబరాత్ దీపాలనూ, బాణసంచానూ నిరాధారమైన కొత్త పోకడగా విమర్శించారు.

తరువాత 1667లో ఔరంగజేబు తన రాజ్యంలో బాణసంచా ప్రదర్శనలను నిషేధించాడు. చక్రవర్తి ఫర్మానా! అయినా ఏం జరిగింది? 18వ శతాబ్దపు మొగలు, అవధ్ చిత్రాలలో అంతఃపుర స్త్రీలు మతాబులు కాలుస్తూ కనిపిస్తారు. 1832లో లండనులో అచ్చయిన ‘ఖానూనె ఇస్లాం’ దక్షిణ భారత ముస్లింల ఆచారాలను వర్ణించిన గ్రంథం. దాని రచయిత జాఫర్ షరీఫ్ తెలుగుగడ్డపై ఏలూరులో పుట్టినవాడు. అందులో షబేబరాత్ బాణసంచా ఉన్నది. ముహర్రంలో గొయ్యి తవ్వి మంట వేసే అలావా కూడ ఉన్నది. ఫర్మానా వెలువడి నూట అరవై ఏళ్ళు దాటినా జనంలో అలవాటు చెక్కుచెదరలేదు. మన్యంలో 1882 చట్టానికి ఎదురైన ఫలితమే ఢిల్లీ ఫర్మానాకూ ఎదురైంది.

నేటి న్యాయస్థానాలు

స్వతంత్ర భారతదేశంలో ఈ సమస్య సుప్రీంకోర్టు ముందుకు పలుమార్లు వచ్చింది. 2005లో ఆ న్యాయస్థానం రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు శబ్దం చేసే బాణసంచాను నిషేధించింది. 2018 అక్టోబరు 23న ఇచ్చిన తీర్పులో పూర్తి నిషేధానికి అంగీకరించక, తక్కువ కాలుష్యం కలిగించే హరిత బాణసంచాను మాత్రమే, దీపావళి వంటి పండుగలలో రాత్రి 8 నుంచి 10 గంటల వరకు కాల్చవచ్చునన్నది. ఢిల్లీలో తరువాత పూర్తి నిషేధం విధించి చూశారు. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు అక్కడ కూడ నియమిత సమయాలలో హరిత బాణసంచాకు అవకాశమిచ్చింది. నిషేధం నుంచి మళ్ళీ నియమానికి రావలసి వచ్చింది.

ఈ చర్చలో సాధారణంగా మరచిపోయేది బాణసంచా తయారుచేసే కూలీని. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కోటవురట్ల మండలం కైలాసపట్నంలో బాణసంచా తయారీ కేంద్రం పేలి ఎనిమిదిమంది మరణించారు. మన్యానికి దిగువన ఉన్న పల్లె ప్రాంతమది. బాణసంచా పేదలకు కూడు పెడుతున్నదన్న వాదం చేసేవారు ఆ కూటి వెల కూడ లెక్కలోకి తీసుకోవాలి. పెళ్ళి ఊరేగింపులోనో, ఎన్నికల విజయోత్సవంలోనో కాల్చే ప్రతి సరంలోనూ ఆ కూలీల శ్రమ, ప్రమాదం ఇమిడి ఉన్నాయి.

మార్పు వచ్చిన తీరు

మన్యంలో పోడు కొంతవరకు తగ్గిన విధానం గమనింపదగినది. సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ, ప్రభుత్వపు ఇతర సంస్థలు పోడుకు ప్రత్యామ్నాయంగా గిరిజనులచేత కాఫీ తోటలు వేయించాయి. కాఫీ నీడలో పెరిగే పంట. కాపుకు రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. ఒక్క వేసవి మంటతో ఆ శ్రమంతా నాశనమవుతుంది. చెట్టు తనదైనప్పుడు రైతే నిప్పుకు కాపలాదారు అవుతాడు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడ లభించింది. 2006 అటవీ హక్కుల చట్టం అడవిని కాపాడుకునే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. గార్డు లాఠీ సాధించలేనిది, హక్కుతో కూడిన బాధ్యత కొంతవరకు సాధించింది.

దీనినిబట్టి పండుగ మంటల విషయంలో ఒక మార్గం స్పష్టమవుతున్నది. ఇంటిముందు చలిమంటను, ఊరి నడుమ జాగ్రత్తతో వేసే భోగిమంటను నిషేధించనక్కరలేదు. కాని రబ్బరు, ప్లాస్టిక్ వేసి కాల్చడం, చైత్రంలో ఎండిన కొండపై నిప్పు వదలడం, అరకు వచ్చే యాత్రికులు రాత్రి మంటలు వేసి ఆర్పకుండా పోవడం ఏ పేరుతోనూ సమర్థనీయం కావు. చలికాలపు రాత్రులలో చల్లనిగాలి లోయ అడుగున పేరుకొని పొగను పైకి పోనీయదు. కనుక అక్కడ ఒకరి పొగ ఊరందరి ఊపిరిలోకి పోతుంది. ఇటువంటి నియమాలు ఆ ఊరి గ్రామసభ తానే నిర్ణయించుకొంటే నిలుస్తాయి. బాణసంచాకు మాత్రం ప్రభుత్వపు గట్టి అదుపు అవసరం. ఆ అదుపు దీపావళికి ఒక విధంగా, షబేబరాత్‌కు మరొక విధంగా, పెళ్ళికి, ఎన్నికలకు ఇంకొక విధంగా ఉండరాదు.

ముస్లిం సమాజం బాధ్యత ఇక్కడే మొదలవుతుంది. పొరుగువారి పండుగ మంటను ఆర్పించాలని కోరేవారు ముందుగా షబేబరాత్ మతాబులను, వివాహాల బాణసంచాను తమ ఇళ్ళలో మాన్పించాలి. దీనికి ఫర్మానా కోసం గాని, కోర్టు తీర్పు కోసం గాని వేచి ఉండనక్కరలేదు. మస్జిదులో ఇమాము చెప్పే మాట, ఇంట్లో తల్లి పిల్లవానికి చెప్పే మాట చాలు. బాణసంచాకు పోసే డబ్బుతో మాఘపు చలిలో ఒక పేదవానికి కంబళి కొనవచ్చు. ఆ పేదవాడు ముస్లిమే కానవసరం లేదు. నిప్పులో భాగస్వాములైనవారికి ఆ నిప్పు బాధ్యతలోనూ భాగముంటుంది.