అక్షరాలతో కట్టిన నేలమాళిగలు

అక్షరాల నేలమాళిగ ఆటల్లో బొమ్మలుండవు. గోడ, తలుపు, బంగారం, రాక్షసుడు, చివరికి ఆటగాడు కూడా కీబోర్డు మీది గుర్తులే. తొలిసారి చూసేవారికి తెర చిందరవందరగా కనిపిస్తుంది. అయితే అందులో ఏ గుర్తూ ఊరికే పెట్టింది కాదు. 1970, 80 దశకాల టెర్మినళ్లు ఎంత చూపగలవో, ఎంత వేగంగా చూపగలవో, దాన్ని బట్టే ఈ తెర రూపుదిద్దుకుంది.

మొదటి సాహస ఆటలకు తెరే లేదు. అమెరికాలో విల్ క్రౌథర్ 1976 ప్రాంతంలో పీడీపీ-10 కంప్యూటర్ మీద ఒక గుహాన్వేషణ ఆట రాశాడు. 1977లో డాన్ వుడ్స్ దాన్ని విస్తరించాడు. ‘అడ్వెంచర్’ పేరుతో వ్యాపించిన ఆ ఆటను చాలామంది టెలిటైప్ కాగితం మీదే ఆడారు. యంత్రం గది వర్ణనను అచ్చు వేసేది, ఆటగాడు రెండు మాటల్లో ఆజ్ఞ ఇచ్చేవాడు. దారులన్నీ అతనే గుర్తుపెట్టుకోవాలి, లేదా విడిగా పటం గీసుకోవాలి.

గాజు తెర ఉన్న టెర్మినళ్లు వచ్చాక పరిస్థితి మారింది. 1976 నాటి ఏడీఎం-3ఏ, 1978 నాటి వీటీ100 వంటి వాటిలో కర్సర్‌ను తెర మీద కోరిన చోటికి పంపే వీలుంది. 24 వరుసలు, వరుసకు 80 అక్షరాలు, మొత్తం 1,920 గడులు. 80 అన్న లెక్క ఐబీఎం పంచ్ కార్డుల నుంచి వచ్చింది. ఇబ్బంది వేగంతోనే. 300 బాడ్ లైను సెకనుకు 30 అక్షరాలే మోస్తుంది, అంటే తెరంతా నిండడానికి నిమిషం దాటుతుంది. బర్క్‌లీలో కెన్ ఆర్నాల్డ్ రాసిన ‘కర్సెస్’ లైబ్రరీ దీనికి ఉపాయం చూపింది. పాత తెరనూ కొత్త తెరనూ పోల్చి, మారిన గడులను మాత్రమే అది టెర్మినల్‌కు పంపుతుంది.

ఆ లైబ్రరీ ఆధారంగా 1980 ప్రాంతంలో మైఖేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ ‘రోగ్’ ఆటను తయారు చేశారు. తర్వాత ఆర్నాల్డ్ కూడా అందులో చెయ్యి వేశాడు. బర్క్‌లీ యూనిక్స్‌తో పాటు అది విశ్వవిద్యాలయాలకు చేరింది. రోగ్ తెరలో మూడు భాగాలున్నాయి. పై వరుసలో సందేశాలు, మధ్యలో పటం, అడుగున ఆటగాడి స్థితి. పటంలో ఒక గది ఇలా ఉంటుంది:

--------
|......|
|.@..*.+####
|..%.!.|
--------

గీతలు గోడలు, చుక్కలు నేల. @ ఆటగాడు, * బంగారం, ! మందుసీసా, % మెట్లు, + తలుపు, # నడవా. రాక్షసులు ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, ఏ నుంచి జడ్ దాకా 26 రకాలు. ఒకసారి చూసిన గోడలు, దారులు తెర మీద నిలిచిపోతాయి. రాక్షసుడు మాత్రం కంటికి ఆనినంతసేపే కనిపిస్తాడు. చీకటి గదిలో చుట్టుపక్కల గడులు తప్ప మరేమీ తెలియదు. అందుకే తెర మీద ఖాళీగా ఉన్న చోటల్లా నిజంగా ఖాళీ అని నమ్మడానికి లేదు.

అడుగు వరుసలో ఉండేవి అంకెలు. “లెవెల్: 3 గోల్డ్: 142 హెచ్‌పీ: 9(24) స్ట్రెంగ్త్: 16(16) ఆర్మర్: 4 ఎక్స్‌పీ: 3/31” అని ఉంటే, మూడో అంతస్తులో 142 బంగారు నాణేలతో ఉన్న ఆటగాడికి 24కు గాను 9 ప్రాణబలమే మిగిలిందని అర్థం. పోరాటమా, పలాయనమా అన్నది ఆ 9 చూసి తేల్చుకోవాలి. పై వరుసలో ఒకదాని వెంట ఒకటి సందేశాలు వస్తే ‘మోర్’ అన్న మాట వచ్చి ఆట ఆగుతుంది. స్పేస్ నొక్కితేనే ముందుకు సాగుతుంది. ఆటగాణ్ని నడిపించే హెచ్, జె, కె, ఎల్ మీటలు కూడా ఆ కాలానివే. ఏడీఎం-3ఏ కీబోర్డులో బాణం గుర్తులు ఆ నాలుగింటి మీదే ఉండేవి.

తర్వాతి ఆటలు ఈ అమరికను తలా ఒక రకంగా మార్చాయి. 1983 నాటి ‘మొరియా’లో పటం తెరకన్నా పెద్దది, అందుకే అది జరుగుతూ ఉంటుంది. అంకెలు ఎడమ అంచుకు చేరాయి. జే ఫెన్లసన్ మొదలుపెట్టిన ‘హ్యాక్’ నుంచి 1987లో ‘నెట్‌హ్యాక్’ పుట్టింది. అందులో స్థితి వరుసలు రెండు: మొదటిదాంట్లో పేరు, శక్తిసామర్థ్యాలు, రెండోదాంట్లో అంతస్తు, ప్రాణబలం, కవచం, ఆకలి. గుర్తుల అర్థాలూ మారాయి. రోగ్‌లో మెట్లయిన % ఇక్కడ తిండి, మెట్లకు < > వచ్చాయి. చిన్న డి కుక్క జాతి, పెద్ద డి డ్రాగన్. రంగుల తెర మీద రంగును బట్టి ఏ డ్రాగనో చెప్పవచ్చు. కవచం అంకె నెట్‌హ్యాక్‌లో ఎంత తగ్గితే అంత మేలు. ఐబీఎం పీసీ రోగ్‌లోనైతే ఆటగాడు @ బదులు నవ్వు ముఖంగా కనిపించాడు.

ఇలాంటి అక్షరాల తెరలు సికింద్రాబాద్‌కు కొత్త కాదు. రైల్వే రిజర్వేషన్ కోసం ‘ఇంప్రెస్’ వ్యవస్థను తయారు చేసిన సీఎంసీ సంస్థ పరిశోధన విభాగం ఈ ఊళ్లోనే ఉండేది. ఆ వ్యవస్థను 1985లో న్యూఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. కంప్యూటర్ రిజర్వేషన్ పెద్ద స్టేషన్లకు విస్తరించాక, కౌంటర్ గుమస్తా ముందున్నదీ అక్షరాల తెరే. అక్కడ సికింద్రాబాద్ ‘ఎస్‌సీ’, విజయవాడ ‘బీజెడ్‌ఏ’. చోటు తక్కువైనప్పుడు పొట్టి గుర్తులతో పని జరుపుకోవడం ఆటకూ ఆఫీసుకూ ఒకటే.

ఆ గడుల చట్రంలో తెలుగు సులువుగా ఒదగదు. గడికి ఒక గుర్తు అన్నది దాని నియమం. ‘స్త్రీ’ చూడటానికి ఒకే అక్షరం, యూనికోడ్ లెక్కలో ఆరు సంకేతాలు. పైగా అక్షరాల వెడల్పులు సమానం కావు, ఒత్తులు కిందికి దిగుతాయి. సీడాక్ జిస్ట్ కార్డులు, 1991 నాటి ఇస్కీ ప్రమాణం డాస్ తెర మీదికి భారతీయ లిపులను తెచ్చాయి. అయినా టెర్మినళ్లలో తెలుగు అమరిక ఇప్పటికీ తరచు చెదురుతుంది.

కొత్తగా ఆడేవారు తెరను చదవాల్సిన వరుస ఇది: ముందు అడుగున ప్రాణబలం, తర్వాత పైన సందేశం, ఆపైన @ చుట్టూ ఉన్న ఎనిమిది గడులు. తెలియని గుర్తు ఎదురైతే ఊహించి అడుగు వేయకూడదు. నెట్‌హ్యాక్‌లో సెమికోలన్ నొక్కి ఆ గడిని చూపిస్తే అదేమిటో ఆటే చెబుతుంది.