ఇమ్తెహాన్ గదిలోకి గడియారం ఎలా వచ్చింది?

మొన్న ఆదివారం మా ఆపా ఇంటికి దావత్‌కి వెళ్లాను. దస్తర్‌ఖాన్ పరిచారు, అందరం కూర్చున్నాం, మా భాంజీ మాత్రం రాలేదు. లోపలి గదిలో ఐఈఎల్‌టీఎస్ రీడింగ్ పేపర్ ముందేసుకుని ఉంది. పక్కన ఫోన్‌లో టైమర్. మూడో పాసేజ్ సగంలో ఉండగానే గంట అయిపోయిందట. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "మామూ, చదివితే అర్థమవుతోంది. వక్తే సరిపోవట్లేదు. నేను కుంద్‌జెహనా?" అంది.

అప్పుడు నాకు జవాబ్ తోచలేదు. ఇంటికొచ్చే దారి పొడుగునా ఆ మాటే చెవిలో మోగింది. నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. మా ఉస్తాద్ నిలబెట్టి ఒక సఫా చదివించేవారు, మానీ అడిగేవారు. అర్థమైందా లేదా అన్నదే చూసేవారు. ఎంత సేపట్లో అని గడియారం చూసిన గుర్తు లేదు. తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకున్నప్పుడు పెదాలు కదుపుతూ, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివేవాణ్ని. ఆలస్యంగా చదివాను, కానీ ఆ చదువే ఇవాళ నాకు రోజీరోటీ.

అర్థం చేసుకోవడం ఒకటి, గంట మోగేలోపు అర్థం చేసుకోవడం ఇంకొకటి. ఈ రెండింటినీ ఎవరు ముడేశారు? ఆ తారీఖ్ తెలిస్తే మా భాంజీ లాంటి పిల్లల గుండె మీద బరువు కాస్త దిగుతుందని ఇది రాస్తున్నాను.

కథ అమెరికాలో మొదలవుతుంది. 1845కి ముందు బోస్టన్ బడుల్లో ఇమ్తెహాన్ అంటే నోటితోనే. కమిటీ పెద్దలు వచ్చి పిల్లల్ని నిలబెట్టి అడిగేవారు. ఒకడికి తేలిక సవాల్, ఇంకొకడికి కష్టమైనది. హొరేస్ మన్, ఆయన దోస్త్ శామ్యూల్ గ్రిడ్లీ హోవ్ వాళ్లు దీన్ని మార్చారు. అచ్చు వేసిన ప్రశ్నలు, అందరికీ ఒకటే కాగితం, అందరికీ ఒకటే వక్త్. అంటే గడియారం మొదట గదిలోకి వచ్చింది ఇన్సాఫ్ పేరుతోనే. ఈ మాట మనం ఒప్పుకోవాలి.

చదవడానికే గడియారం పెట్టినవాడు ఫ్రెడరిక్ కెల్లీ. కాన్సస్ రాష్ట్రంలోని ఎంపోరియాలో టీచర్ల కాలేజీలో పనిచేసేవాడు. ఒకే జవాబు పత్రానికి ఒక్కో టీచరు ఒక్కోలా మార్కులు వేయడం గమనించి, దాని మీదే 1914లో థీసిస్ రాశాడు. ఆ తేడాలు పోవాలని 'కాన్సస్ సైలెంట్ రీడింగ్ టెస్ట్' తయారుచేశాడు. ప్రతి సవాల్‌కూ ఒకే సరైన జవాబ్. ఎవరు దిద్దినా అవే మార్కులు. పిల్లలకు ఇచ్చిన వక్త్ 5 నిమిషాలు! ఎన్ని చేయగలిగితే అన్ని. ఇవాళ మన పిల్లలు గీతలు పెట్టే, బబుల్స్ నింపే పరీక్షలకు పర్‌దాదా ఇదే.

తర్వాత జంగ్ వచ్చింది. 1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. ఫౌజ్‌లోకి లక్షల మంది వస్తున్నారు, ఎవరిని ఎక్కడ పెట్టాలి? దాదాపు 17 లక్షల మందికి పరీక్షలు పెట్టారు. అంగ్రేజీ చదవగలిగిన వాళ్లకు 'ఆల్ఫా', చదవలేని వాళ్లకు బొమ్మలతో 'బీటా'. ఆల్ఫాలో ఒక్కో భాగానికి కొన్ని నిమిషాలే. చాలామంది పూర్తి చేయలేరని పెట్టినవాళ్లకూ తెలుసు. పూర్తి చేయించడం వాళ్ల పని కాదు, మనుషుల్ని వరసలో నిలబెట్టడం వాళ్ల పని. అందరూ పూర్తి చేసేస్తే ముందెవడు, వెనకెవడు అని ఎలా తేలుతుంది?

ఇక్కడే పెద్ద జుల్మ్ జరిగింది. ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ కార్ల్ బ్రిగమ్ ఆ ఫౌజీ మార్కులు ముందేసుకుని 1923లో ఒక పుస్తకం రాశాడు. కొత్తగా వలస వచ్చినవాళ్లకు మార్కులు తక్కువ, వచ్చి చాలా ఏళ్లయిన వాళ్లకు ఎక్కువ. అంగ్రేజీ అలవాటు కావడానికి ఏళ్లు పడుతుందని ఎవరికైనా తోచాలి. ఆయనకు తోచింది వేరు. కొత్తగా వస్తున్న వాళ్ల నస్లే తక్కువదని రాసేశాడు. ఏడేళ్ల తర్వాత, 1930లో, తన గలతీ తానే అచ్చులో కబూల్ చేశాడు. అలాంటి పరీక్షలతో ఒక ఖౌమ్‌ను ఇంకో ఖౌమ్‌తో పోల్చకూడదని, తన పాత పరిశోధనకు పునాది లేదని రాశాడు. కానీ అప్పటికే ఆయన కమిటీ తయారుచేసిన ఇంకో పరీక్ష నడుస్తోంది. దాని పేరు శాట్.

1926 జూన్ 23న దాదాపు 8,000 మంది మొదటి శాట్ రాశారు. 315 ప్రశ్నలు, 97 నిమిషాలు. లెక్కేయండి, ఒక్కో సవాల్‌కు 19 సెకన్లు కూడా లేవు. అందులో పేరాగ్రాఫ్ చదివి జవాబ్ చెప్పే భాగమూ ఉంది. దాన్ని పూర్తి చేసినవాళ్లు అరుదు. తర్వాతి ఏళ్లలో వక్త్ పెంచుతూ వచ్చారు. ఇవాళ్టి డిజిటల్ శాట్‌లో రీడింగ్, రైటింగ్ కలిపి 54 ప్రశ్నలు, 64 నిమిషాలు. అంటే ఒక్కోదానికి 71 సెకన్లు. పొడుగు పాసేజ్‌లు పోయి, ఒక చిన్న పేరాకు ఒక ప్రశ్న వచ్చింది. మార్కులేమో రాసేవాడి తలలోంచే వస్తాయని మనం అనుకుంటాం, గడియారం ముల్లు మాత్రం పెట్టేవాడి చేతిలో ఉంది.

మన వతన్‌లోనూ ఈ కథ నడిచింది. 2011లో సివిల్స్ ప్రిలిమ్స్‌లో సీశాట్ పేపర్ తెచ్చారు. 80 ప్రశ్నలు, 2 గంటలు, అందులో పాసేజ్‌లు బోలెడు. పేపర్ అంగ్రేజీ, హిందీల్లోనే ఉంటుంది. తెలుగు మీడియం పిల్లాడికీ, ఉర్దూ మీడియం పిల్లకీ మాదరీ జబాన్‌లో చదివే రాస్తా లేదు. అంగ్రేజీ మీడియంలో పెరిగినవాడు ఒకసారి చదివితే చాలేది మనవాడు రెండుసార్లు చదవాలి. గడియారం మాత్రం ఇద్దరికీ ఒక్కటే. 2014లో ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో హిందీ మీడియం పిల్లలు రోడ్డెక్కారు. ఆ ఏడాది అంగ్రేజీ కాంప్రహెన్షన్ మార్కులు లెక్కలోంచి తీసేశారు. 2015 నుంచి ఆ పేపర్‌లో 33 శాతం తెచ్చుకుంటే చాలన్నారు.

పరీక్షల ఇల్మ్ తెలిసినవాళ్లు కూడా రెండు రకాలు వేరు చేసి చెబుతారు. ఎంత త్వరగా అని చూసేది 'స్పీడ్' పరీక్ష, ఎంత లోతుగా అని చూసేది 'పవర్' పరీక్ష. మన పిల్లలు రాసే రీడింగ్ పేపర్లు ఈ రెండింటి ఖిచిడీ. కాబట్టి తక్కువ మార్కులొస్తే ఖిచిడీలో పప్పు ఉడకలేదా, బియ్యం ఉడకలేదా అని ముందు తేల్చుకోవాలి.

దానికో సులువైన తర్కీబ్ ఉంది. ఇంట్లో ప్రాక్టీస్ పేపర్ నీలం పెన్నుతో మొదలెట్టండి. గంట మోగగానే ఆగిపోకండి. ఎర్ర పెన్ను తీసుకుని, మిగిలినవి నిదానంగా పూర్తి చేయండి. తర్వాత దిద్దుకోండి. ఎర్ర జవాబులు సరైనవైతే కొరత వక్త్‌దే. అవీ తప్పైతే కొరత జబాన్‌ది, లఫ్జులది. అప్పుడు టైమర్ పక్కన పెట్టి రోజూ అంగ్రేజీ అఖ్బార్ చదవాలి. రెండు బీమారీలకు ఒకే దవా పనిచేయదు.

వక్త్‌దే అని తేలితే లెక్క చూసుకోండి. ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రీడింగ్‌లో మూడు పాసేజ్‌లు కలిపి 2,150 నుంచి 2,750 పదాల దాకా ఉంటాయి. నిమిషానికి 150 పదాల చొప్పున నిదానంగా చదివినా 18 నిమిషాల్లో అయిపోతాయి. 40 ప్రశ్నలకు ఇంకా 42 నిమిషాలు మిగులుతాయి. అంటే మన వక్త్ తినేది చదువు కాదు, ఒకే సవాల్ దగ్గర జిద్దుగా కూర్చోవడం, భయంతో అదే పేరా మళ్లీ మళ్లీ చదవడం. మూడో పాసేజ్ కష్టమైనది కాబట్టి 18, 20, 22 నిమిషాలుగా పంచుకోండి. నిమిషంన్నర దాటినా తెగని ప్రశ్నకు గుర్తు పెట్టి ముందుకెళ్లండి. అక్కడ తప్పుకు మార్కులు కోయరు, కాబట్టి ఏదీ ఖాళీగా వదలొద్దు. జవాబు పత్రంలో ఎక్కించడానికి వేరే వక్త్ ఇవ్వరు, ఆ పనీ ఆ గంటలోనే. సీశాట్ కాయిదా వేరు. తప్పు జవాబ్‌కు మూడో వంతు కోత ఉంటుంది, అక్కడ అందాజాగా గీతలు పెడితే నుక్సాన్.

అమ్మీ అబ్బాలకు ఒక మాట. చూపు సరిగా లేని పిల్లలకు, చేతులు సహకరించని పిల్లలకు, చదవడంలో ఇబ్బంది ఉందని డాక్టర్ తేల్చిన పిల్లలకు చాలా పరీక్షల్లో అదనపు వక్త్ ఇస్తారు. యూపీఎస్‌సీలో అర్హత ఉన్నవాళ్లకు గంటకు 20 నిమిషాలు ఎక్కువ. శాట్‌లో అలా రాసినవాళ్ల మార్కుల పక్కన ఒకప్పుడు గుర్తు పెట్టేవారు, 2003లో అదీ తీసేశారు. ఖాందాన్‌లో నలుగురికి తెలుస్తుందని దాచకండి. అది ఖైరాత్ కాదు, హక్కు.

నిన్న ఆపా ఇంటికి మళ్లీ వెళ్లాను. భాంజీ పేపర్ తెచ్చి నా ముందు పెట్టింది. గంట మోగాక ఎర్ర పెన్నుతో రాసినవి ఎనిమిది. అందులో ఆరు సరైనవి.

"మరి కుంద్‌జెహన్ అయితే ఈ ఆరూ ఎక్కణ్నుంచి వచ్చాయి బేటా?" అన్నాను. నవ్వి, ఫోన్ టైమర్ మళ్లీ అరవైకి పెట్టుకుంది.