డయాలసిస్ ఉద్దానానికి వచ్చిన దారి

శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం, పలాస మండలాల్లో పరుచుకున్న కొబ్బరి, జీడి, పనస తోటల నేలే ఉద్దానం. మూత్రపిండాల జబ్బు అక్కడి ఇళ్లను దశాబ్దాలుగా ఖాళీ చేస్తోంది. ఈ చరిత్రను జీవోలు, శంకుస్థాపనల వరసలో చెప్పడం మనకు అలవాటైంది. ఆ వరసలో రోగి చివర్న, లబ్ధిదారుగా కనిపిస్తాడు. నిజానికి అతణ్ణి మొదట నిలబెట్టాలి. ఉద్దానంలో వైద్యం మెరుగుపడింది రోగులూ వాళ్ల ఇంటివాళ్లూ గట్టిగా అడిగిన విషయాల్లోనే.

డయాలసిస్ ఒకసారి చేయించుకుని ఊరుకునేది కాదు. వారానికి రెండు మూడు సార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకోవాలి. దగ్గర్లో ఆ సౌకర్యం లేని రోజుల్లో విశాఖ కేజీహెచ్‌కో, ఒడిశాలోని బరంపురానికో పోవాల్సి వచ్చేది. సోంపేట నుంచి విశాఖ దాదాపు 200 కిలోమీటర్లు. రోగికి కూలి పోతుంది, తోడు వచ్చిన మనిషికీ పోతుంది, పైన బస్సు ఖర్చు. ఆస్పత్రి రికార్డు ప్రకారం వైద్యం ఉన్నట్టే. కూలి చేసుకు బతికే మనిషికి మాత్రం లేనట్టే. ఈ తేడాను బయటపెట్టింది ఏ నిపుణుల నివేదికో కాదు, దాన్ని రోజూ మోసినవాళ్లు. మా ఊరి దగ్గరే యంత్రం పెట్టండి, తాగడానికి మంచినీళ్లివ్వండి, ఇల్లు గడవడానికి సాయం చేయండి అని వాళ్లు అడిగారు. 2017 జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చి బాధితుల గోడు విన్నాక ఆ మాట రాష్ట్రమంతా వినబడింది. ఆ తరువాత సోంపేట, పలాస, కవిటిల్లో డయాలసిస్ కేంద్రాలు, రోగులకు పింఛను వచ్చాయి. 2019లో ఆ పింఛను నెలకు 10,000 రూపాయలకు పెరిగింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, హిరమండలం జలాశయం నుంచి నీళ్లు తెచ్చే సుమారు 700 కోట్ల పథకం ప్రారంభమయ్యాయి.

ఇదంతా పార్టీల పోటీలో జరిగిందేగా అనవచ్చు. పోటీ ఉన్న మాట నిజమే. అయితే ఏం కట్టాలో ఆ పోటీకి చెప్పింది ఊళ్లే. ఇంతకన్నా బలమైన అభ్యంతరం మరొకటి ఉంది: జబ్బుకు కారణమేమిటో ఇప్పటికీ తేలలేదు, అలాంటప్పుడు నీళ్ల మీద రోగులకున్న అనుమానాన్ని శాస్త్రం ఎందుకు నమ్మాలి? నమ్మక్కర్లేదు. కారణం తేల్చేది పరిశోధనే. అయితే మంచినీళ్లు అడగడానికి ఆ తీర్పు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఏ షిఫ్టుకు వస్తే చీకటి పడేలోగా ఇల్లు చేరవచ్చో, యంత్రం ఆగిన రోజున ఎవరు ఎక్కడికి పోయారో ఏ పరిశోధనా చెప్పదు. అది రోగికే తెలుసు.

ఇలాంటి జబ్బే పీడించిన నికరాగ్వాలోని చిచిగల్పాలో చెరకు కార్మికులు మరో అడుగు ముందుకు వేశారు. 2008లో వాళ్ల సంఘం ప్రపంచ బ్యాంకు సంస్థల ఫిర్యాదుల విభాగాన్ని ఆశ్రయించింది. ఆ తరువాత చక్కెర కంపెనీతో సమానంగా చర్చల్లో కూర్చుంది. బోస్టన్ యూనివర్సిటీ పరిశోధన మొదలైంది ఆ చర్చల నుంచే. మన దగ్గర 2005 నాటి జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ రోగి కల్యాణ సమితులను దేశమంతా విస్తరించింది, ఆస్పత్రి అభివృద్ధి సంఘాలూ ఉన్నాయి. వాటిలో ప్రజాప్రతినిధులు, అధికారులు ఉంటారు. సోంపేటలో, పలాసలో ఆ బల్ల దగ్గర డయాలసిస్ చేయించుకుంటున్న ఇద్దరు ముగ్గురు కూడా కూర్చోవాలి. అజెండాలో మొదటి అంశం వాళ్లదే కావాలి: పోయిన నెల ఎన్ని రోజులు యంత్రాలు ఆగాయి, ఎందుకు?