మోటరు, రైలు, బస్సు

మా జగిత్యాల వైపు పెద్దవాళ్ళు బస్సును బస్సనేవారు కారు. "మోటరచ్చిందా?" అనే అడిగేవారు. ఇంగ్లీషు మీడియం మనవళ్ళు పకపకా నవ్వి, "మోటరంటే ఇంజను, అమ్మమ్మా! బస్సనాలె" అని దిద్దేవారు. పాపం, ఆ ముసలమ్మలు చిన్నబోయి మాట మింగేసేవారు. ఆ నవ్వు నాకెప్పుడూ నచ్చలేదు. అందుకే వాళ్ళ తరఫున ఈ వకాల్తా.

రైలు సంగతి చూడండి. ఇంగ్లీషులో రైలంటే ఇనుప పట్టా. దాని మీద నడిచేది ట్రెయిను. 1929లో కాజీపేట–బల్లార్షా లైను పూర్తయి, పెద్దపల్లి, మంచిర్యాల, బెల్లంపల్లి మీదుగా మద్రాసుకూ ఢిల్లీకీ సూటిగా దారి పడింది. మనవాళ్ళు మాత్రం పట్టా పేరు తీసి బండికి పెట్టుకున్నారు. దీనికి ఏ మనవడూ నవ్వడేం? తనూ అలాగే అంటాడు కనుక!

ఇక బస్సు. 1829లో లండన్‌లో షిల్లిబీర్ అనే ఆయన మూడు గుర్రాలు కట్టిన పెద్ద బండి నడిపాడు. పేరు ఆమ్నిబస్. లాటిన్‌లో 'అందరి కొరకు' అని అర్థం. అంత పొడుగు పేరు పలకలేక జనం తల నరికేసి తోక ఉంచుకున్నారు. ఆ తోక ఏమిటనుకున్నారు? మనం బడిలో వల్లించిన 'కొఱకున్, కై' వంటిదే, చతుర్థీ విభక్తి! అంటే బస్సెక్కిన వాళ్ళంతా ఒక ప్రత్యయం ఎక్కి ఊరేగుతున్నారన్నమాట. ఇంగ్లీషు దొరలు ప్రత్యయాన్ని బండి చేస్తే అది భాష. మా అమ్మమ్మ ఇంజనును బండి చేస్తే తప్పా?

నవ్వులకేం గాని, నాకు బెంగంతా ఆ నరికేసిన తల గురించే. అందులోనే కదా 'అందరూ' ఉన్నది! నిజాం రాజ్యంలో 1932లో రైల్వేవారే రోడ్డు రవాణా శాఖ పెట్టినప్పుడు ఉన్నవి 27 బస్సులు. అవి ఎందరి కొరకు? 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేకుండా పోయింది. పుట్టింటికి పోవాలంటే చార్జీ డబ్బులకు ఒకరి ముందు చెయ్యి చాచే పని తప్పింది. తెగిన తల కొంత అతుక్కున్నట్టే.

కొంతే. ఆదిలాబాద్ అడవుల్లో బస్సు మొహం చూడని గూడేలు ఇంకా ఉన్నాయి. వాళ్ళు దాన్ని మోటరంటేనేం, బస్సంటేనేం? ముందు అది అక్కడిదాకా పోనీయండి!