అక్కయ్య లేని పెట్టె

మా అమ్మాయికి నాలుగేళ్లప్పుడు సరిగ్గా తినడం లేదని విజయవాడలో ఒక పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన స్టెతస్కోపు పెట్టకముందే "టీవీ చూపిస్తూ అన్నం పెడతారా?" అని నన్నడిగాడు. పెడతానన్నాను. "చదువుకున్న తల్లులే ఇలా చేస్తే ఎలాగమ్మా?" అన్నాడు. పక్కనే కూర్చున్న మా ఆయన కూడా నా వైపు అదోలా చూశాడు, ఆ కేబుల్ కనెక్షన్ పొరుగింటివాళ్లెవరో పెట్టించినట్టు! అది 2009. ఆ చూపు మీద కోపంతోనే ఈ పెట్టె మా ఇళ్లలోకి ఎలా వచ్చిందో, వచ్చేముందు ఆ చోట ఏముండేదో వెతకడం మొదలుపెట్టాను.

ముందు రేడియో ఉండేది. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. మా దివిసీమలో రేడియో అంటే మొదట తుపాను కబురు, తర్వాతే పాటలు. పిల్లల కార్యక్రమం వచ్చే వేళకి మా అమ్మ పొయ్యి దగ్గర ఉండేది, మేం అరుగు మీద. తన పని తనది, మా వినడం మాది. అమ్మని ఎవరూ నిందించిన గుర్తు లేదు. పిల్లల కార్యక్రమాలకి తెలుగులో దారి వేసినవాళ్లు న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు. 1940లో ఆంధ్ర బాలానంద సంఘం, 1945లో 'బాల' పత్రిక, మద్రాసు రేడియోలో, ఆపైన హైదరాబాదులో పిల్లల కార్యక్రమాలు. అందరికీ ఆయన రేడియో అన్నయ్య, ఆమె రేడియో అక్కయ్య. చరిత్ర రాసేవాళ్లు అన్నయ్యకి పేరాలు ఇచ్చి అక్కయ్యకి ఒక వాక్యం ఇస్తారు. మనకిది కొత్త కాదు. తర్వాతి తరంలో హైదరాబాదు కేంద్రం నుంచి రేడియో అక్కయ్య అనిపించుకున్నది తురగా జానకీరాణి. ఆమె చలం మనవరాలు. పిల్లల్ని కొట్టకుండా, భయపెట్టకుండా పెంచమని 'బిడ్డల శిక్షణ' రాసిన ఆ చలానికే!

ఈ వరసల సంగతి చిన్నదేమీ కాదు. అక్కయ్య అంటే ఎదురుగా పిల్లలున్నారని తెలిసి మాట్లాడే మనిషి. స్టూడియోకి పిల్లలు వచ్చేవాళ్లు, నోరు తిరగక తప్పులు పలికేవాళ్లు, ఆమె సర్దేది. పిల్లల్ని చూసుకోవడం ఒక పని, దానికి నేర్పు కావాలి, జీతం కూడా ఇవ్వాలని ఒప్పుకున్న చోటు అది.

టీవీ మొదట్లో మరీ అంత ఒంటరి వస్తువేం కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2400 పల్లెలకి టీవీ చూపించిన 'సైట్' ప్రయోగంలో, ఉదయం పూట బడిపిల్లలకి 22 నిమిషాల చిల్లర కార్యక్రమాలు వేశారు. అవి వచ్చిన నాలుగు భాషల్లో తెలుగు ఒకటి. ఊరందరికీ ఒకటే పెట్టె, పిల్లలంతా ఒక్కచోట. కాలవల కింద బతికే మా డెల్టా ఊళ్లకి కాక, మెట్ట ప్రాంతపు పల్లెలకి దక్కింది. అదే ఏడాది అక్టోబరు 2న అంగన్‌వాడీల పథకం మొదలైంది. రెండు నెలల తేడాలో పసిపిల్లల కోసం ప్రభుత్వం రెండు పనులు చేసింది: ఒకటి పెట్టె, రెండోది మనిషి. పెట్టె ఇంటింటికీ చేరింది. మనిషికి మాత్రం ఇప్పటికీ ఉద్యోగి అన్న పేరు లేదు, 'కార్యకర్త' అంటారు.

హైదరాబాదు దూరదర్శన్ 1977 అక్టోబరు 23న మొదలైంది. నెల తిరక్కుండానే, నవంబరు 19న మా దివిసీమని ఉప్పెన ముంచింది. మా ఊళ్లలో అప్పటికి టీవీ ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. 1990లలో నేను చూసిన పిల్లల టీవీ అంతా ఢిల్లీ నుంచి హిందీలో వచ్చిందే. మోగ్లీ ఏమంటున్నాడో మా వీధి పిల్లలకి అర్థం కాకపోయినా నోరు తెరుచుకుని చూసేవాళ్లు. 1995లో కార్టూన్ నెట్‌వర్క్ మన దేశానికి వచ్చింది, ఈటీవీ తెలుగులో మొదలైంది. 2009లో సన్ సంస్థ 'ఖుషీ టీవీ' పేరుతో తెలుగు పిల్లలకే ఒక ఛానల్ పెట్టింది. ఇక రోజంతా బొమ్మలే.

మా ఇంట్లో రాజ్యం ఛోటా భీమ్‌ది. 2008లో పోగోలో మొదలైన ఈ భీముణ్ణి తయారుచేసింది హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ సంస్థ, రాజీవ్ చిలక. తెలుగు గడ్డ మీద పుట్టినా ఊరి పేరు ఢోలక్‌పూర్, మిఠాయి కొట్టావిడ టున్‌టున్ మౌసీ. లడ్డూ తింటే భీముడికి బలం. ఆ లడ్డూలు చేసేది మౌసీ, తెచ్చి పెట్టేది ఆవిడ కూతురు చుట్కీ. ఒకరోజు మా అమ్మాయి మేడమీద పక్కింటి అబ్బాయితో ఆడుతూ, "నువ్వు కొట్టు, నేను లడ్డూలు చేసి తెస్తా" అంది. అయిదేళ్ల పిల్ల! బందరు లడ్డూ కొనిపెట్టి, "నువ్వు తిను, నీకూ బలం వస్తుంది" అన్నాను. "ఇది చుట్కీ తినదమ్మా, భీమ్‌కిస్తుంది" అంది. డాక్టరు లెక్కపెట్టిన గంటల కంటే నన్ను భయపెట్టింది ఈ మాట. అయితే అది టీవీయే నేర్పిందా? ఆ పూట కూడా మా ఇంట్లో మగాళ్లు తిని లేచాకే నేను కంచం ముందు కూర్చున్నాను. పిల్ల రెండూ చూసింది.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, 2021లో మన పిల్లల వైద్యుల సంఘం హద్దులు చెప్పాయి: రెండేళ్ల లోపు తెర వద్దు, అయిదేళ్ల లోపు గంటకి మించొద్దు. సరైన మాటే. కానీ ఆ మిగతా గంటలు ఎవరివో ఆ కాగితాల్లో లేదు. నా అన్నం గిన్నె ముందు టీవీ పెట్టింది బద్ధకం కాదు. ఎనిమిదిన్నరకి కాలేజీ బస్సు, అత్తగారి మందులు, రెండు క్యారేజీలు. పిల్ల నోట్లో ముద్ద పడేందుకు నాకు ఆ ఇరవై నిమిషాలు ఎవరైనా కావాలి. ఎవరూ లేకపోతే భీముడొచ్చాడు.

2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు సమ్మెకి దిగారు. ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. అయినా 42 రోజులు నిలబడ్డారు. అప్పుడు మా ఇంట్లో పనిచేసే అమ్మాయి కృష్ణలంక నుంచి తన మూడేళ్ల కొడుకుని వెంట తెచ్చుకునేది. వాణ్ణి వంటింటి గుమ్మంలో కూర్చోబెట్టి, చేతిలో ఫోను పెట్టి, అంట్లు తోమేది. మొదటి రోజు "తిట్టకండమ్మా" అంది ముందే. ఫోనులో మాటల్లేని చిట్టి భీముడు, వాడి వెనక పరిగెత్తే వాడి అమ్మ. పిల్లాడు నవ్వుతున్నాడు. నేను చీర కొంగు దోపుకుని, ఆమె పక్కన కూర్చుని గిన్నెలు కడగడం మొదలుపెట్టాను. కాసేపటికి వాడు ఫోను కింద పెట్టి, మా దగ్గరికొచ్చి నురగతో ఆడుకున్నాడు.